వేసవిలో ఫ్రెండ్స్ ఇళ్ళకి, హైదరాబాద్ నుంచి వైజాగ్ దాకా: తరచుగా అడిగే ప్రశ్నలు

మార్చి వచ్చిందంటే చాలు ఆఫీసులో, అపార్ట్‌మెంట్లో, చుట్టాల గ్రూపుల్లో నన్ను అడిగేవి ఇవే ప్రశ్నలు, ఒక్కొక్కళ్ళకి వాయిస్ మెసేజ్ పెట్టే ఓపిక లేక అన్నీ ఒకచోట రాసేస్తున్నా. హైదరాబాద్‌లో బయల్దేరి విజయవాడ, రాజమండ్రి, వైజాగ్‌లో ఫ్రెండ్స్ ఇళ్ళల్లో దిగుతూ తాపీగా తిరిగొచ్చే ట్రిప్ ఇది. మీ ఫ్రెండ్స్ వేరే ఊళ్ళల్లో ఉంటే రూటు మార్చుకోండి, మిగతాదంతా పనికొస్తుంది.

ఫ్రెండ్ ఇంటికెళ్ళి పడుకోడానికి అంత దూరం వెళ్ళాలా?

వెళ్ళాలి. మన ఇంట్లో పడుకుంటే గ్యాస్ అబ్బాయి బెల్లు కొడతాడు, ఆఫీసు నుంచి "ఒక్క నిమిషం" అని కాల్ వస్తుంది, బీరువా మీద దుమ్ము కనిపిస్తుంది. ఫ్రెండ్ ఇంట్లో ఆ దుమ్ము మనది కాదు, అదే సుఖం.

ఇంకో సంగతి, ఊళ్ళు చూడ్డానికి వెళ్ళే ట్రిప్ వేరు, మనుషుల కోసం వెళ్ళే ట్రిప్ వేరు. రెండూ ఒకే వారంలో కలిపేస్తే రెంటికీ చెడ్డ రేవడి అవుతుంది, గుడి దగ్గర క్యూలో నిలబడి ఫోన్ చూస్కుంటాం, ఫ్రెండ్‌తో మాట్లాడదామంటే కాళ్ళు నొప్పులని పది గంటలకే పడుకుంటాం. కింద ఎక్కడైనా ఏదైనా చూడమని రాశానంటే అది పొద్దున ఒక గంటో సాయంత్రం ఒక గంటో అని అర్థం, అంతకు మించి వద్దు.

ఈ రూటే ఎందుకు?

మూడు ఊళ్ళూ ఒకే లైన్ మీద ఉన్నాయి కాబట్టి. సికింద్రాబాద్ నుంచి విజయవాడ వరంగల్ మీదుగా సుమారు 350 కిలోమీటర్లు, అక్కణ్ణుంచి రాజమండ్రి 150, రాజమండ్రి నుంచి వైజాగ్ 200. మొదటిది ఒక్కటే కాస్త పెద్ద ప్రయాణం, మిగతా రెండూ పగటిపూట కూర్చునే వెళ్ళిపోవచ్చు, టిఫిన్ చేసి ఎక్కితే భోజనం టైముకి దిగుతాం. మధ్యలో వెళ్ళిన దారినే మళ్ళీ వెనక్కి రావడం లాంటివి ఉండవు, చివర్లో వైజాగ్ నుంచి ఒకే ట్రైన్‌లో ఇంటికి.

కాకినాడలో ఫ్రెండ్ ఉంటే సామర్లకోటలో దిగండి, అక్కణ్ణుంచి ఊళ్ళోకి దగ్గరే. అమలాపురం వాళ్ళయితే ట్రైన్ లేదు, రాజమండ్రిలో దిగి బస్సే.

ఎన్ని ఊళ్ళు పెట్టుకోవాలి, ఒక్కో ఊళ్ళో ఎన్ని రోజులు?

మూడు ఊళ్ళకి మించొద్దు. ఒక్కో ఇంట్లో రెండు రాత్రులు కనీసం, మూడైతే బాగుంటుంది, నాలుగో రాత్రి అంటే మాత్రం వాళ్ళే చెయ్యి పట్టుకుని ఆపాలి, మనంతట మనం ఉండకూడదు. ఒక్క రాత్రి మటుకు అసలొద్దు, ఎందుకంటే మొదటి రోజంతా అందరూ మర్యాదగా ఉంటారు, కొత్త దుప్పట్లు, స్పెషల్ కూరలు, "ఇంకేంటి సంగతులు" అని నాలుగుసార్లు. రెండో రోజు పొద్దున వాడు లుంగీలో పేపర్ చదువుతూ మనల్ని పట్టించుకోకుండా కూర్చుంటాడు చూడండి, మనం వెళ్ళింది దానికే.

ఊరికీ ఊరికీ మధ్య ఒక రోజు ఖాళీ పెట్టుకోమని కొందరంటారు, నాకైతే అవసరం అనిపించలేదు, మధ్య ప్రయాణాలే చిన్నవి కదా. ఇంటికొచ్చాక ఆఫీసుకి వెళ్ళేముందు మాత్రం ఒక రోజు ఉంచుకోండి, బట్టలు ఉతుక్కోవాలి.

ఎప్పుడు వెళ్తే బాగుంటుంది? మే నెలలో విజయవాడా, పిచ్చా?

పిచ్చేమీ కాదు గానీ జాగ్రత్తగా ఎంచుకోవాలి. రెండు రాష్ట్రాల్లోనూ స్కూళ్ళకి మామూలుగా ఏప్రిల్ 24 ప్రాంతం నుంచి జూన్ 11 దాకా సెలవులు, 12న తెరుస్తారు. అందులో మే 25 ప్రాంతం నుంచి జూన్ 7 దాకా రోహిణి కార్తె, రోళ్ళు పగిలే ఎండలని ఊరికే అనలేదు, ఆ రెండు వారాలు వదిలేయండి. ఏప్రిల్ చివరి వారం నుంచి మే రెండో వారం దాకా నా ఓటు. బంగినపల్లి వస్తుంది, రసాలు వస్తాయి, ముంజలు ఉంటాయి, ఇళ్ళల్లో ఆవకాయ పెట్టే టైమూ అదే.

మధ్యలో అక్షయ తృతీయ ఎప్పుడు పడిందో చూస్కోండి, ఆ రోజు సింహాచలంలో చందనోత్సవం, ఏడాదికి ఒక్కసారే నిజరూప దర్శనం కాబట్టి జనం విరగబడతారు. మీరు దానికోసమే వెళ్తుంటే సరే, లేదంటే వైజాగ్ రోజులు అటో ఇటో జరపండి. తుఫాన్లు అక్టోబర్, నవంబర్‌లోనే అనుకోవద్దు, 2022లో అసని మే నెలలోనే వచ్చింది, వైజాగ్ నుంచి మచిలీపట్నం దాకా అంతా కంగారు పెట్టింది. బయల్దేరే ముందు వాతావరణం వార్త ఒకసారి చూస్తే పోయేదేం లేదు.

టికెట్లు ఎప్పుడు బుక్ చేయాలి?

2024 నవంబర్ 1 నుంచి 120 రోజుల ముందు అన్నది పోయింది, ఇప్పుడు 60 రోజులే. అంటే మే 10న ప్రయాణం అనుకుంటే మార్చి 11న పొద్దున 8 గంటలకి ఓపెన్ అవుతుంది. ఐఆర్‌సీటీసీ అకౌంట్‌కి ఆధార్ వెరిఫికేషన్ ముందే చేసిపెట్టుకోండి, లేకపోతే బుకింగ్ ఓపెన్ అయిన మొదటి రోజు ఆన్‌లైన్‌లో టికెట్ చేయనివ్వదు, సమ్మర్‌లో ఆ రోజే ముఖ్యం. తత్కాల్‌కి అయితే ఆధార్ లేకుండా ఆన్‌లైన్‌లో అసలు కుదరదు, ముందు రోజు ఏసీకి 10 గంటలకి, నాన్ ఏసీకి 11కి.

ముందు వైజాగ్ నుంచి తిరిగొచ్చే టికెట్ చేస్కోండి, అదే కష్టం, సెలవుల్లో అందరూ ఆదివారం రాత్రే హైదరాబాద్ రావాలనుకుంటారు. మంగళవారమో బుధవారమో పెట్టుకుంటే ప్రాణం హాయి. ఇంకోటి, ఆన్‌లైన్‌లో తీసిన టికెట్ చార్ట్ అయ్యాక కూడా వెయిటింగ్ లిస్టులోనే ఉంటే దానంతటదే క్యాన్సిల్ అయి డబ్బులు వెనక్కొస్తాయి, దాంతో ట్రైన్ ఎక్కలేం, "ఎక్కేసి టీసీని అడుగుదాం" అనే రోజులు పోయాయి.

అమ్మావాళ్ళు కూడా వస్తుంటే 60 దాటిన మగవాళ్ళకి, 45 దాటిన ఆడవాళ్ళకి లోయర్ బెర్త్ కోటా ఉంది, వయసు కరెక్టుగా కొట్టండి. సీనియర్ సిటిజన్ రాయితీ మాత్రం 2020 మార్చిలో తీసేశారు, నాన్నగారు అడిగితే నెమ్మదిగా చెప్పండి.

ఏ ట్రైన్ ఎక్కాలి?

ఒక్కటే రూల్, ఫ్రెండ్ నిద్ర పాడుచేసే ట్రైన్ వద్దు. గోదావరి ఎక్స్‌ప్రెస్ మంచి ట్రైన్, 1974 నుంచి నడుస్తోంది, వైజాగ్‌కి నేరుగా వెళ్ళేవాళ్ళకి బంగారం, కానీ రాజమండ్రిలో దిగాలంటే అర్ధరాత్రి దాటాక దింపుతుంది. "నేను ఆటోలో వచ్చేస్తా నువ్వు పడుకో" అని మీరంటారు, వాడు పడుకోడు, స్టేషన్ బయట బండి మీద ఆవలిస్తూ నిలబడి ఉంటాడు. ఆ రెండు రోజులూ మీతోపాటు వాడూ నిద్రమొహంతోనే తిరుగుతాడు.

సికింద్రాబాద్, వైజాగ్ మధ్య రెండు వందే భారత్‌లు ఉన్నాయి, ఒకటి తెల్లారకముందే బయల్దేరుతుంది, ఇంకోటి మధ్యాహ్నం. విజయవాడ, రాజమండ్రి, సామర్లకోట అన్నిట్లో ఆగుతాయి. చార్జీ ఎక్కువే. చిన్న ప్రయాణాలకి నేనైతే రత్నాచల్ లాంటి పగటి ట్రైన్లకే ఓటేస్తా, విజయవాడలో పొద్దున్నే ఎక్కితే సెకండ్ సిట్టింగ్‌లో కిటికీ పక్కన కూర్చుని వెళ్ళొచ్చు. కొవ్వూరు దాటగానే గోదావరి, పక్కనే 1900లో కట్టిన పాత హేవలాక్ వంతెన కనపడుతుంది, దాని మీద 1997 నుంచి ట్రైన్లు నడవట్లేదు. పెద్దవాళ్ళు పర్సులో రూపాయి బిళ్ళ వెతుకుతుంటారు, పిల్లలు "నాకూ నాకూ" అని. ఏసీ బోగీలో అద్దం తెరుచుకోదు, బిళ్ళ చేతిలోనే ఉండిపోతుంది.

ఎక్కే స్టేషన్ పేరు టికెట్ మీద రెండుసార్లు చదవండి. సికింద్రాబాద్ స్టేషన్‌లో పనులు జరుగుతున్నాయని కొన్ని ట్రైన్లని చర్లపల్లికి మార్చారు, 2025 జనవరిలో మొదలైన కొత్త టెర్మినల్ అది, కూకట్‌పల్లి నుంచి అయితే బాగా ముందు బయల్దేరాలి.

ఫ్రెండ్‌ని ఎలా అడగాలి? "వస్తున్నా" అని చెప్తే చాలదా?

కాలేజీ రోజుల్లో చాలేది. ఇప్పుడు వాడికి పెళ్ళయింది, ఇంట్లో అత్తగారున్నారు, పిల్లకి సమ్మర్ క్యాంపు, పై ఫ్లోర్‌లో రిపేరు. కాబట్టి టికెట్ తియ్యకముందే అడగాలి, అడగడం కూడా "మే 3 నుంచి 6 దాకా రావొచ్చా, ఇబ్బందైతే చెప్పేయ్, జూన్‌లో చూస్తా" అని తేదీలతో అడగాలి. "ఎప్పుడైనా రారా, ఇదేమన్నా అడగాలా" అని వాడంటాడు, అది విని మురిసిపోయి బుక్ చేసేయొద్దు, వాళ్ళావిడకి కూడా ఒక మెసేజ్ పెట్టండి. వంట చేసేది ఎవరో వాళ్ళ మాటే ఫైనల్. మొహమాటానికి పోతే ఏమవుతుందో సామెత అందరికీ తెలుసు, వాళ్ళు మొహమాటపడకుండా కాదనే వీలు మనమే ఇవ్వాలి.

హోటల్‌లో ఉండి పగలు వాళ్ళింటికి వెళ్తే నయం కదా?

వాళ్ళది సింగిల్ బెడ్‌రూమ్ అయినా, ఇంట్లో పరీక్షలు రాసే పిల్లలున్నా, మంచంలో పెద్దవాళ్ళున్నా హోటలే నయం, నిజంగా. కాకపోతే ఆ మాట ముందే చెప్పాలి, వచ్చాక చెప్తే గొడవే. గోదావరి జిల్లాల్లో ఇది అసలు కుదరదు, "మా ఇల్లుండగా లాడ్జీ ఏంటండీ" అని మీ బ్యాగు ఆయనే మోసుకొచ్చేస్తారు.

ఎండకి ఏం చేయాలి?

పదకొండు నుంచి నాలుగు దాకా బయటికి కదలొద్దు, అంతే. ఈ ట్రిప్‌కి అదే టైమ్‌టేబుల్ అనుకోండి. పొద్దున ఆరింటికి లేచి బయట పని, భోజనం, నిద్ర, నాలుగున్నరకి టీ, ఆరు దాటాక మళ్ళీ బయటికి. విజయవాడలో ఎండ మండిపోతుంది, 40 దాటడం మామూలే, చుట్టూ కొండలు వేడెక్కి రాత్రి కూడా సెగ వదుల్తాయి. వైజాగ్‌లో అంకె తక్కువ చూపిస్తుంది గానీ ఉక్కపోత, చొక్కా పిండొచ్చు. రాజమండ్రిలో రెండూ ఉంటాయి, పాపం.

ఏపీలో విపత్తుల నిర్వహణ సంస్థ వాళ్ళు ఏ మండలంలో ఎంత వడగాలి ఉందో రోజూ ప్రకటిస్తారు, టీవీలో స్క్రోల్ అవుతుంది, చూడండి. మజ్జిగ ఉప్పేసి తాగండి, బ్యాగులో ఓఆర్ఎస్ పొట్లాలు నాలుగు పడేయండి. పొద్దున టిఫిన్ బదులు చద్దన్నం పెడతామంటే ఎగిరి గంతేయండి, పెరుగన్నం, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, దాని తర్వాత వచ్చే నిద్ర ఏ రిసార్టులోనూ రాదు.

ఏసీ సంగతి ఒకటి. చాలా ఇళ్ళల్లో ఏసీ ఒక్క గదిలోనే ఉంటుంది, ఆ గది మనకిచ్చి వాళ్ళు హాల్లో కూలర్ ముందు పడుకుంటామంటారు. ఒప్పుకోవద్దు. అందరూ ఆ గదిలోనే కింద పరుపులేసుకుని పడుకుంటే ఎంత బాగుంటుందో, లైటు తీసేశాకే అసలు కబుర్లు మొదలవుతాయి.

విజయవాడలో ఏం చూడాలి?

ఫ్రెండ్‌ని చూడండి. సరే, పొద్దున పొద్దున్నే ఉండవల్లి గుహలకి వెళ్ళొచ్చు, కృష్ణ అవతలి ఒడ్డు, బండి మీద కాసేపట్లో వెళ్ళిపోతాం. కొండని తొలిచి చేసిన గుహలు, పైన అనంతపద్మనాభస్వామి ఇంత పొడుగున పడుకుని ఉంటారు, మన ట్రిప్‌కి ఆయనకంటే తగిన దేవుడు లేడు. తొమ్మిది దాటితే రాయి కాలుతుంది, దిగిపోండి. అమ్మవారి దర్శనానికి శుక్ర, ఆదివారాలు వదిలేసి వెళ్ళండి. ఒక పొద్దున బాబాయ్ హోటల్లో వెన్న, కారప్పొడి వేసిన ఇడ్లీ, ఒక సాయంత్రం ప్రకాశం బ్యారేజీ మీద గాలికి నడక, చాలు.

రాజమండ్రిలో?

ఇక్కడ కాస్త ఎక్కువ రాస్తా, నాకిష్టమైన ఊరు. 2015 నుంచి అధికారికంగా రాజమహేంద్రవరం, మాటల్లో ఎవరూ అనరు. సాయంత్రం పుష్కర ఘాట్‌లో హారతి, తర్వాత మెట్ల మీద కూర్చుంటే టైము తెలీదు, ఆ మెట్లు పగలంతా తాగిన వేడిని వదుల్తుంటే పైన నది గాలి తగుల్తుంటుంది. కోటగుమ్మం వైపు వెళ్తే రోజ్ మిల్క్ తాగాలి, పాలకోవా కలిపి చిక్కగా ఇస్తారు, ఒకటి తాగాక ఇంకోటి అడగడానికి సిగ్గుపడొద్దు.

మే నెలలో వెళ్ళి "కోనసీమ కాలవలు నిండుగా ఉంటాయనుకున్నా" అని కొందరు నిరాశపడతారు. ఎండాకాలం రిపేర్ల కోసం కాలవలు కట్టేస్తారు, మళ్ళీ నీళ్ళు వదిలేది జూన్‌లో. ఫోటోల్లో చూసే పచ్చదనం ఆగస్టు తర్వాతది, ఇప్పుడు కొబ్బరిచెట్ల నీడ ఉంటుంది గానీ పొలాలు ఎండిపోయి ఉంటాయి. ధవళేశ్వరం వెళ్తే కాటన్ మ్యూజియం ఉంది, 1852లో ఇక్కడ ఆనకట్ట పూర్తి చేసిన కాటన్ దొర బొమ్మకి ఇప్పటికీ దండలేసే ఊళ్ళున్నాయంటే వేసవిలో ఆ ఖాళీ కాలవలు చూశాకే కారణం అర్థమవుతుంది.

పాపికొండలు బోటు అడుగుతారు. అది రోజంతా పని, ఊరు నుంచి గండి పోచమ్మ దాకా వెళ్ళడం, బోటులో ఎండ, రావడం. 2019 సెప్టెంబర్‌లో కచ్చులూరు దగ్గర జరిగిన ప్రమాదం తర్వాత రూల్స్ గట్టిగా పెట్టారు, లైఫ్ జాకెట్ వేసుకోమంటే వేసుకోవాలి. బోటు బాగుంటుంది, కాదనను, దాన్ని చలికాలానికి ఉంచండి.

ఆవకాయ పెట్టే రోజున వెళ్తే ఇబ్బంది పెట్టినట్టా?

ఇబ్బందేంటి, అదృష్టం. కాకపోతే చేతులు కట్టుకుని కూర్చోకూడదు. మార్కెట్లో కాయలు కొట్టించడానికి వాడితోపాటు వెళ్ళండి, పెద్ద కత్తిపీట ముందు కూర్చున్నవాళ్ళు టెంకతో సహా ఒక్క దెబ్బకి రెండు చేస్తుంటారు, చూడ్డానికి భయంగానే ఉంటుంది. ఇంటికి తెచ్చాక ముక్కలో జీడి తీసేసి, టెంకకి అంటుకున్న పల్చటి పొర గోటితో లాగేసి, పొడిగుడ్డతో ఒక్కో ముక్కా తుడవాలి, ఆ పని మనది. చేతికి తడి ఉందో లేదో ఆంటీ స్వయంగా చూస్తారు, చుట్టమైనా సరే తడిచెయ్యి పెడితే ఊరుకోరు. ఆవపిండి, కారం, ఉప్పు, నువ్వులనూనె కలిపేటప్పుడు మాత్రం ఆవిడదే రాజ్యం, పక్కన నిలబడి "మా ఇంట్లో వెల్లుల్లి ఇంకా వేస్తాం" లాంటి మాటలు అనొద్దు.

అంతా జాడీలోకి ఎత్తాక ఖాళీ బేసిన్‌లో వేడన్నం వేసి, అంచులకి అంటుకున్న కారం, నూనె అంతా తుడుస్తూ కలిపి తలా ఒక ముద్ద పెడతారు. ఆ ముద్ద తినకుండా బయల్దేరకండి. మూడో రోజు తిరగకలిపేదాకా ఉండగలిగితే సీసాలో కొంచెం పెట్టిస్తారు కూడా.

వైజాగ్‌లో సముద్రం తప్ప ఇంకేముంది?

సముద్రం చాలదా? తెల్లారి ఐదున్నరకల్లా సూర్యుడు వచ్చేస్తాడు, పొద్దున కాసేపు వాకింగ్ వాళ్ళ కోసం బీచ్ రోడ్డులో బళ్ళు ఆపేస్తారు, అప్పుడు నడవండి. ఆర్కే బీచ్‌లో, యారాడలో నీళ్ళల్లోకి దిగొద్దు, అలలు లాగేస్తాయి, ప్రతి వేసవిలో ఎవరో ఒకరు పోతూనే ఉంటారు, ఇది భయపెట్టడానికి కాదు. పిల్లలుంటే కురుసుర సబ్‌మెరైన్ చూపించండి, 2002లో మ్యూజియం చేశారు, సోమవారం సెలవు. లోపల ఇరుకు, మనుషులు అందులో నెలల తరబడి ఎలా ఉన్నారా అనిపిస్తుంది, ఫ్రెండ్ ఇంట్లో హాల్లో పడుకోవాల్సి వచ్చిందని బాధపడేవాళ్ళు తప్పకుండా చూడాలి. సాయంత్రం బీచ్‌లో మురీ మిక్చర్.

అరకు కూడా వేసేద్దామా?

ఫ్రెండ్ కూడా వస్తానంటే వేయండి, లేకపోతే వద్దు. వైజాగ్ నుంచి 115 కిలోమీటర్లు దాకా ఉంటుంది, పొద్దున వెళ్ళే కిరండూల్ ట్రైన్‌లో సొరంగాలు దాటుకుంటూ వెళ్ళడమే అసలు సరదా, అద్దాల విస్టాడోమ్ బోగీ కూడా ఉంది, దానికి ముందే బుక్ చేయాలి. ఒక్క రోజులో వెళ్ళి రావొచ్చంటారు గానీ రాత్రికి ఒళ్ళు హూనం. అక్కడే ఒక రాత్రి పడుకోండి, మే నెలలో దుప్పటి కప్పుకునే ఛాన్స్ మళ్ళీ రాదు.

దార్లో తిరుపతి కూడా కలుపుకోవచ్చా?

దార్లో లేదండీ. సమ్మర్‌లో తిరుమల రద్దీ తెలిసిందే, 300 రూపాయల దర్శనం టికెట్లు దాదాపు మూడు నెలల ముందే ఆన్‌లైన్‌లో వదుల్తారు, అవి లేకుండా వెళ్తే గంటల తరబడి క్యూ. స్వామి దగ్గరికి విడిగా వెళ్దాం.

ఏం పట్టుకెళ్ళాలి?

హైదరాబాద్ నుంచి అయితే ఉస్మానియా బిస్కెట్లు, ఎవరికి ఇచ్చినా ముఖం వెలుగుతుంది. పూతరేకులు, కాజాలు పట్టుకెళ్ళొద్దు, అవి వాళ్ళ ఊరివే, ఆత్రేయపురం పక్కనుంచి వచ్చినవాళ్ళకి హైదరాబాద్ స్వీట్ షాపు పూతరేకులు ఇస్తే నవ్వుతారు. పెద్దవాళ్ళకి పళ్ళు, పిల్లలకి వచ్చేటప్పుడు చేతిలో ఎంతో కొంత పెట్టడం మామూలే. ఇంటి ఇల్లాలికి విడిగా ఏదైనా ఇవ్వండి, ఆవిడ మన ఫ్రెండ్ కాకపోయినా ఆ మూడు రోజులు మనల్ని మోసేది ఆవిడే.

ఖర్చు ఎవరు పెట్టుకోవాలి?

బయట తిన్న బిల్లు దగ్గర కొట్టుకోవడం మన జాతి లక్షణం, అది ఎలాగూ జరుగుతుంది. గెలవాలంటే ముందే కౌంటర్ దగ్గరికి వెళ్ళి ఫోన్‌పే కొట్టేయాలి. అంతకన్నా మంచి పద్ధతి, పొద్దున వాకింగ్ నుంచి వస్తూ పాలు, కూరగాయలు, పళ్ళు తెచ్చేయడం, బండిలో పెట్రోలు కొట్టించేయడం. ఎవరూ కాదనలేరు. ఇంట్లో పనిమనిషికి వచ్చేముందు డబ్బులివ్వండి, మన వల్ల గిన్నెలు పెరిగింది ఆవిడకే.

ఆడవాళ్ళకి బస్సు ఫ్రీ కదా, ట్రైన్ ఎందుకు?

ఏ రాష్ట్రం వాళ్ళకి ఆ రాష్ట్రంలోనే ఫ్రీ. తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి, ఏపీలో 2025 ఆగస్టు 15 నుంచి ఇస్తున్నారు, ఆధార్ లాంటి గుర్తింపు కార్డులో అక్కడి అడ్రసు ఉండాలి. రాష్ట్రం సరిహద్దు దాటితే చెల్లదు, ఎక్స్‌ప్రెస్ దాకానే, లగ్జరీ, ఏసీ బస్సుల్లో లేదు. మీ ఆధార్ ఏపీదైతే విజయవాడ నుంచి రాజమండ్రికి ఎక్స్‌ప్రెస్‌లో వెళ్ళొచ్చు, కానీ ఆ ఎండలో ఏసీ లేని బస్సు, సెలవుల జనం, ఆలోచించుకోండి.

ఒంటరిగా వెళ్ళే అమ్మాయిలకి ఏమైనా చెప్తారా?

పగటి ట్రైన్లు పెట్టుకోండి, కోచ్, సీటు నంబరు ఫ్రెండ్‌కి, ఇంట్లోవాళ్ళకి పంపండి, రైల్వే హెల్ప్‌లైన్ 139. చిక్కంతా ఇంట్లో పెద్దవాళ్ళతోనే వస్తుంది, "ఒక్కదానివే ఎందుకు, పెళ్ళెప్పుడు" అని. ఫ్రెండ్ వాళ్ళమ్మగారు అడిగితే నవ్వేసి "మీరే చూడండి ఆంటీ" అనండి, నిజంగా చూస్తారు, జాగ్రత్త.

ల్యాప్‌టాప్ తీసుకెళ్ళి అక్కణ్ణుంచే పని చేసుకోవచ్చా?

వద్దు.

పిల్లలతో వెళ్తే రెస్ట్ ఎక్కడ?

ఫ్రెండ్‌కి మన పిల్లల వయసు పిల్లలుంటే మనకి రెస్టే. వాళ్ళని వాళ్ళే ఆడించుకుంటారు, క్యారమ్స్ బోర్డు, ఒక పెద్ద మామిడిపళ్ళ బేసిన్ ఇచ్చి వదిలేయండి, పాత బనియన్లు వేసి. ఫ్రెండ్‌కి పిల్లలు లేకపోతే రెండు రాత్రులతో సరిపెట్టండి, తెల్ల సోఫా ఉన్న ఇల్లయితే ఒక్క పూటతో.

చాలా ఏళ్ళ తర్వాత కలుస్తున్నాం, మాటలు అయిపోతే?

అవుతాయి. హాస్టల్ కథలన్నీ మొదటి రాత్రే అయిపోతాయి, అందరికీ తెలిసినవే మళ్ళీ చెప్పుకుని నవ్వుతాం. రెండో రోజు మధ్యాహ్నం కాస్త నిశ్శబ్దం వస్తుంది, కంగారుపడి టీవీ పెట్టేయొద్దు. వాడి పనిలోకి వెళ్ళండి, బ్యాంకుకి వెళ్తుంటే వెనక కూర్చోండి, మోటారు బాగుచేయిస్తుంటే నీడలో నిలబడండి. వాడు అప్పు సంగతో, నాన్న ఆరోగ్యం సంగతో ఎత్తేది అప్పుడే, ఎదురెదురుగా కూర్చోబెట్టి "ఎలా ఉన్నావు" అంటే ఎవడూ చెప్పడు. రాజకీయాలు, కులం, ఎవరి ప్లాట్ ఎంతకి పెరిగింది, ఈ మూడూ ఎత్తకుండా ఉంటే మరీ మంచిది.

అమెరికా ఫ్రెండ్ కూడా ఇండియా వస్తున్నాడు, వాడితో కలిపి ప్లాన్ చేద్దామా?

వాళ్ళ పిల్లలకి స్కూలు అయ్యేది మే చివర్లోనో జూన్‌లోనో, మన స్కూళ్ళు తెరిచేది జూన్ 12. రెంటికీ కుదిరేది రోహిణి కార్తె, జెట్‌లాగ్‌తో ఆ ఎండలో వాణ్ణి చంపొద్దు. వాడికి వైజాగ్ ఒక్కటే పెట్టి అందరూ అక్కడికే వెళ్ళండి.

వచ్చేటప్పుడు మామిడిపళ్ళు తెచ్చుకోవచ్చా?

తెచ్చుకోవాలి. రసాలు మెత్తగా ఉంటాయి, ప్రయాణానికి ఆగవు, వాటిని అక్కడే తినేయండి, పెద్ద రసం, చిన్న రసం, చెరుకు రసం ఏది దొరికితే అది. తేవడానికి బంగినపల్లి, లేదా వైజాగ్ వైపు అయితే సువర్ణరేఖ. బాగా పండినవి కాకుండా దోరగా ఉన్నవి తీసుకోండి, కార్బైడ్ వేయడం నిషేధమే గానీ ఎండుగడ్డిలో మగ్గబెట్టినవి ఇస్తామనే తోట వాళ్ళు ఫ్రెండ్‌కి తెలిసే ఉంటారు, వాళ్ళ దగ్గరే కొనండి. అట్టపెట్టెకి నాలుగు వైపులా కన్నాలు పెట్టి, పొరకీ పొరకీ మధ్య గడ్డో పేపరో వేసి, తాడుతో రెండు పక్కలా బిగించండి, పట్టుకోడానికి పిడి కూడా వస్తుంది. ట్రైన్‌లో సీటు కింద పెట్టండి, పైన రాక్‌లో పెడితే అడుగున ఒక్కటి చితికినా రసం కింద కూర్చున్నాయన నెత్తిన పడుతుంది. ఇంటికి రాగానే పెట్టె విప్పి పళ్ళన్నీ గోనెసంచి మీద విడివిడిగా పరిచేయండి, స్నానం తర్వాత చేయొచ్చు.